ముళ్ళు కత్తిరించిన శాల

మూత 83వ ఏడు, 201వ రోజు
వచ్చినవారు 42. పడ్డవారు సున్నా. ఏడ్చినవారు సున్నా.

శనివారం కాబట్టి ముళ్ళ పని. పొద్దు దీపాలు పూర్తిగా వెలగకముందే గోళ్ళ కత్తెర పట్టుకుని ముళ్ళ తోటలో కూర్చున్నాను. తోట అని పేరే గానీ ఉన్నవి నాలుగు మట్టి తొట్లు. రెండింట్లో రేగు, ఒకదాంట్లో నిమ్మ, ఇంకోదాంట్లో గచ్చపొద. ప్రతి ముల్లు కొననూ కత్తిరించి, ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తాను. పందొమ్మిదేళ్ళుగా ప్రతి శనివారం ఇదే పని. ఇన్నేళ్ళలో నా శాలలో ఒక్క పిల్ల వేలికైనా రక్తపు చుక్క రాలేదని, ఎవరూ అడక్కపోయినా చెప్పుకుంటూ ఉంటాను.

తరవాత వాన గదిలో నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మోచేయి పెట్టి చూశాను. రాళ్ళ గదిలో రాళ్ళ మీద పరిచిన పరుపులు దులిపి సర్దాను. గాలి గది పంకాను ఒకటో నంబరులో పెట్టాను. దానికున్నది ఆ ఒక్క నంబరే. తలుపు తీయగానే రెండో వీధి బడి పిల్లలు నా కొంగు, చెయ్యి, నడుము, ఏది దొరికితే అది పట్టుకున్నారు.

"నూకప్పా, ముందు వాన!"

"కాదు, ముందు ముళ్ళు!"

నా పేరు కర్రి నూకరత్నం. ఈ పిల్లల శాలకు ఆరో పెద్దను. లోపలూరిలో పుట్టిన పిల్లలందరికీ నూకప్పనే, వాళ్ళలో కొందరి అమ్మలకు కూడా నూకప్పనే. పెళ్ళి చేసుకోలేదు గానీ, నాకు పిల్లల్లేరని ఎవరైనా అంటే ఊరుకోను.

ముళ్ళ తోటలో అసిరి కొత్త పిల్లలకు పాఠం చెబుతోంది. అది నా చిన్ననాటి స్నేహితుడు తవిటయ్య మనవరాలు, తొమ్మిదేళ్ళది. బడి ఉన్నా లేకపోయినా రోజూ వచ్చి, శాల తన పేరు మీదే ఉన్నట్టు తిరుగుతుంది. గచ్చపొదను రెండు చేతులా కావలించుకుని, చెంప ఆనించి, "సూసినారా, ముల్లంటే ఇంతే. దీనికి బయపడతారేటి?" అంది. నాకు ముద్దొచ్చి ఒక చోడి ఉండ ఇచ్చాను.

మధ్యాహ్నం మండలి నుంచి పొట్నూరు సరోజిని గారు వచ్చారు. గుమ్మం వ్యవహారాలన్నీ చూసేది ఆవిడే. ఎండలకు తాళలేక మా ముత్తాతలు కొండ లోపలికి దూరి మూసుకున్న గుమ్మం అది. బయట చల్లబడిందని రెండేళ్ళుగా వింటూనే ఉన్నాం. ఈ రోజు ఆవిడ తేదీ చెప్పారు. 241వ రోజున తెరుస్తారట. మొదటి జట్టులో ఇరవై కుటుంబాలు, ముప్ఫై ఒక్క మంది పిల్లలు. కింద లోయలో ఇళ్ళు కట్టుకుని అక్కడే ఉంటారు.

"రత్నంగారూ, శాల చరిత్ర రెండు పేజీలు రాసివ్వాలి. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు. తెరిచే రోజు అందరి ముందూ చదువుతాం."

"ఎందుకేటుందండి, పిల్లలు ఆడుకోడానికి."

"అది ఒక్క వాక్యమేగా. రెండు పేజీలు కావాలి." ఆవిడ చేతిసంచిలో ఏదో వెతుకుతూ, "ఇంకొకటి. శాల పెద్ద సంతకం లేకుండా ఏ పిల్లా గుమ్మం దాటకూడదని పాత నిబంధన ఒకటుంది. ఎందుకు పెట్టారో మాకెవరికీ తెలీదు. పెద్దాళ్ళకి గుమ్మం జట్టు ఏడాదిగా నడక నేర్పుతోంది, పిల్లలకి శాల ఉంది కదా అనుకుని ఉంటారు. జాబితా పంపిస్తాను, సంతకాలు పడేయండి," అన్నారు.

పడేస్తానన్నాను. సంతకానిదేముంది.

204వ రోజు
వచ్చినవారు 37. పడ్డవారు సున్నా. ఏడ్చినవారు సున్నా.

రెండు పేజీల కోసం పాత పుస్తకాలన్నీ కిందికి దించాను. శాల పెద్ద రోజూ పుస్తకం రాయాలన్నది మొదటినుంచీ ఉన్న ఆచారం. మూడు లెక్కలు మాత్రం తప్పకుండా వేయాలి. ఎంతమంది వచ్చారు, ఎంతమంది పడ్డారు, ఎంతమంది ఏడ్చారు. పడటం, ఏడవటం అన్న గళ్ళు ఎందుకు పెట్టారా అని నాకెప్పుడూ అనుమానమే. ఎప్పుడూ సున్నా వేయడానికి గడి ఎందుకు?

మొదటి పుస్తకం సువ్వాడ మాణిక్యాంబది. ఆవిడ మంత్రసాని. గుమ్మం మూసుకున్నాక ఇక్కడ పుట్టిన మొదటి పిల్లను బయటికి లాగిన చేతులు ఆవిడవే. రెండో ఏట ఈ శాల పెట్టింది. అప్పుడిది ధాన్యం కొట్టు. గుమ్మం పక్కనున్న రాళ్ళు తనే మోసి తెచ్చి రాళ్ళ గది కట్టింది. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తరవాత రాతలు చదివితే నా ఒళ్ళు మండింది.

"వచ్చినవారు 14. పడ్డవారు 14. ఏడ్చినవారు 9. బాగా జరిగింది."

ఇంకో రోజు: "వచ్చినవారు 16. పడ్డవారు 11. ఏడ్చినవారు 4. ఏడుపు తగ్గుతోంది, నీళ్ళు ఇంకా చల్లబరచాలి."

ఇదేం మనిషి! తొమ్మిది మంది పసివాళ్ళు ఏడిస్తే బాగా జరగడమేమిటి? పది పేజీలు చదివి ఆ పుస్తకం పెట్టెలో పడేశాను.

మిగతావాళ్ళ పుస్తకాలు చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది. రెండో పెద్ద అప్పన్న మాస్టారు, సొంత కూతురు వానలో వణికిపోతుంటే చూడలేక నీళ్ళు కాచే గొట్టం పెట్టించాడు. మూడో ఆవిడ రాళ్ళ మీద పరుపులు పరిచింది, "ఇక మోకాళ్ళకు పసుపు రాసే పని తప్పింది" అని రాసుకుంది. నాలుగో ఆయన పంకాకున్న నాలుగు నంబర్లలో మూడు తీయించేశాడు. అయిదో ఆవిడ ఎండ గది దీపాలకు తెర కట్టింది. నేను ముళ్ళు కత్తిరించాను. ఒక్కొక్కరం ఒక్కో బాధ తీసేస్తూ వచ్చాం. నా కాలానికి రెండు గళ్ళలోనూ సున్నాలే. చరిత్రంటే ఇలా ఉండాలి. మొదటి పేజీ చకచకా రాసేశాను, నా పేరు దగ్గర చెయ్యి కొంచెం ఎక్కువసేపే ఆగింది.

211వ రోజు
వచ్చినవారు 40. పడ్డవారు సున్నా. ఏడ్చినవారు సున్నా. ఇవి శాల లోపలి లెక్కలు.

ఈ రోజు గుమ్మం జట్టువాళ్ళు తాము రాకపోకలకు వాడే చిన్న తలుపు తీసి, మొదటి జట్టు పిల్లల్లో ఐదుగురిని బయటి ముంగిట్లోకి తీసుకెళ్ళారు, అలవాటు కావడానికి. అసిరి కూడా వెళ్ళింది. పొద్దున్నే వచ్చి, తిరిగొచ్చి అన్నీ చెబుతానని నాకు మాటిచ్చి మరీ వెళ్ళింది.

మూడింటికి తవిటయ్య దాన్ని చెయ్యి పట్టుకుని కాదు, ఎత్తుకుని తీసుకొచ్చాడు. తవిటయ్య గుమ్మం జట్టులో మేస్త్రీ. చిన్నప్పుడు నేనూ అతనూ ఇదే వాన గదిలో కలిసి తడిశాం. అసిరి రెండు అరచేతులకూ, ఎడమ చెంపకూ కట్లు.

"ఏటైనాది?" అన్నాను.

అసిరే చెప్పింది. ముంగిట్లో నేలంతా రాళ్ళేనట, తొక్కితే కదిలాయట. మిగతా నలుగురూ నాలుగడుగులేసి కూర్చుండిపోయారు, ఎంత బతిమాలినా లేవలేదు. వాళ్ళకు ధైర్యం చెబుదామని అసిరి చూసింది. గోడ పక్కన పెద్ద గచ్చపొద కనబడింది. తెలిసిన చుట్టం కనబడినట్టు దేక్కుంటూ వెళ్ళి, "సూడండి, ఇది మన శాలలోదే, బయపడతారేటి?" అని రెండు చేతులా కావలించుకుంది.

బల్ల మీద కూర్చున్నాను.

"నూకప్పా," అంది అసిరి, నన్ను ఓదారుస్తున్నట్టుగా. "బయట ముళ్ళు పాడయిపోనాయి. ఎవుళ్ళకైనా సెప్పి బాగు సేయించాల."

తవిటయ్య దాని తల నిమిరి, నా వైపు చూడకుండా, "గుంట తప్పేటీ నేదు. నువ్వు నేర్పినట్టే సేసినాది," అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

212వ రోజు
శాల మూసి ఉంచాను. లెక్కలు లేవు.

మొదటి పుస్తకం మళ్ళీ పెట్టెలోంచి తీసి, ఈసారి చివరిదాకా చదివాను. ఆఖరి పేజీలో ఉంది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"ఈ పిల్లలు ఎప్పుడో ఒకనాడు బయటికి వెళ్తారు. అప్పటికి నేనుండను. ఆ రోజుకు వాన చల్లగా ఉంటుందనీ, రాయి కదులుతుందనీ, ముల్లు గుచ్చుతుందనీ వాళ్ళ ఒంటికి తెలిసి ఉండాలి. నోటితో చెబితే తెలియదు. అందుకే ఈ శాల. ఈ పిల్లకు తెలిసింది అని నమ్మితేనే శాల పెద్ద సంతకం పెట్టాలి. నమ్మకపోతే ఎవరు అడిగినా పెట్టకూడదు."

శాల లేకపోయినా బాగుండేది. ముల్లు చూడని పిల్ల ముల్లును చూసి జంకేది, దూరంగా జరిగేది. నా పిల్ల వెళ్ళి కావలించుకుంది. ముళ్ళు మంచివని పందొమ్మిదేళ్ళు వారం వారం కూర్చుని అబద్ధం అరగదీసింది నేను. దానితో కలిపి ముప్ఫై ఒక్క మంది ఆ అబద్ధం నమ్ముకుని గుమ్మం దాటబోతున్నారు. ఉన్నవి ఇరవై తొమ్మిది రోజులు.

సాయంత్రం తవిటయ్యకు కబురు పెట్టాను. వచ్చాడు. ఇద్దరం కలిసి నీళ్ళు కాచే గొట్టం ఊడదీశాం, పరుపులు చుట్టి కొట్లో పడేశాం, దీపాల తెర చించేశాం. పంకాకు మూడు నంబర్లు మళ్ళీ బిగించాడు. నాలుగులో పెట్టి చూస్తే నా కొంగు వెళ్ళి అవతలి గోడకు అంటుకుంది.

"ముళ్ళు మొలవడానికి ఏడాది పడతాది కదా," అన్నాను.

"బయట పొదలు బోలెడన్ని ఉన్నాయి. నరికి తెస్తాను," అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆగి, "పిల్లలు నిన్ను తిడతారే నూకా," అన్నాడు.

తిట్టనీ అన్నాను. అప్పటికి ధైర్యంగానే ఉంది.

215వ రోజు
వచ్చినవారు 38. పడ్డవారు 31. ఏడ్చినవారు 26.

మాణిక్యాంబ గుండె ఏ రాయితో చేశారో గానీ, నేను మాత్రం ప్రతి కేకకూ తలుపు దాకా పరిగెత్తాను. వాన గదిలోకి కేరింతలు కొడుతూ దూకినవాళ్ళు కేకలు పెడుతూ బయటికొచ్చారు. గాలి గదిలో ఒక బుడ్డోడు తన టోపీ కోసం ఏడుస్తూ కూర్చున్నాడు. రాళ్ళ గది సంగతి చెప్పనక్కర్లేదు. అందరి మోకాళ్ళకూ పసుపు నేనే రాశాను. రాస్తుంటే వాళ్ళు నన్ను చూసిన చూపు ఇంతకుముందు ఎప్పుడూ ఎరగను.

సాయంత్రం తల్లులు వచ్చారు. "నూకప్పా, నీకేటైనా పిచ్చి పట్టినాదా? గుంటలకి దెబ్బలు తగిలించడానికా శాల?" అని ఒకావిడ శాల గుమ్మంలోనే నిలబడి దులిపేసింది. చిన్నప్పుడు ఆ పిల్లనే నేను భుజం మీద ఎక్కించుకుని వాన చూపించాను. శాల ఎందుకు పెట్టారో చెప్పబోయాను. సగం వినకుండానే వెళ్ళిపోయింది.

217వ రోజు
వచ్చినవారు 9. పడ్డవారు 8. ఏడ్చినవారు 8.

219వ రోజు
వచ్చినవారు సున్నా.

మిగతా రెండు గళ్ళలోనూ సున్నాలే వేశాను. ఈ సున్నాలు మాత్రం నచ్చలేదు.

మధ్యాహ్నం అసిరి వచ్చింది గానీ లోపలికి రాలేదు. అరచేతుల కట్లు విప్పేశారు, ఎర్రటి చుక్కలున్నాయి. శాల గుమ్మం బయటే నిలబడి, చుట్టేసిన పరుపులున్న కొట్టు వైపూ నా వైపూ చూసి, "నువ్వు కూడా పాడయిపోనావు నూకప్పా," అని వెళ్ళిపోయింది.

వెంటపడి పిలుద్దామనుకున్నాను. పిలిస్తే వస్తుంది, ఒక చోడి ఉండ ఇస్తే నవ్వుతుంది కూడా. పిలవలేదు. నాకు పిల్లలు నన్ను ప్రేమించడం కావాలి. ఇందులో దాచుకోవలసిందేమీ లేదు. ఇన్నాళ్ళూ నీళ్ళు వేడి చేసింది వాళ్ళ కోసమో నా కోసమో ఈ రోజు సరిగ్గా తెలియడం లేదు.

సరోజిని గారు జాబితా పట్టుకుని వచ్చారు. ముప్ఫై ఒక్క పేర్లు, పక్కన గీతలు.

"పెట్టలేనండి. వీళ్ళకి ఇంకా తెలీదు."

"పెద్దాళ్ళు పక్కనే ఉంటారుగా రత్నంగారూ. పట్టుకుని నడిపిస్తారు."

"ముప్పయ్యొక్క మందిని ఎంతకాలం పట్టుకుంటారండి? రోజంతా పట్టుకునే ఉంటారా?"

ఆవిడ చెడ్డమనిషి కాదు. కానీ తేదీ ఆవిడ నెత్తిమీద కూర్చుంది. "చూడండి, 236వ రోజు దాకా ఆగుతాను. అప్పటికీ మీరు పెట్టకపోతే మండలి ఆ నిబంధననే కొట్టేస్తుంది. గుమ్మం మాత్రం ఆగదు," అన్నారు.

అంటే నేను పెట్టకపోయినా పిల్లలు వెళ్తారు. ఏమీ తెలియకుండా వెళ్తారు. పదిహేడు రోజులున్నాయి, శాలలో ఒక్క పిల్ల కూడా లేదు.

221వ రోజు
వచ్చినవారు ఒకరు. పడ్డవారు ఒకరు, కానీ వచ్చినవారు కాదు. ఏడ్చినవారు సున్నా.

ఖాళీ శాలలో చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు. రాళ్ళ గది ఊడుద్దామని చీపురు పట్టుకుని లోపలికి దిగాను. దిగాకే తట్టింది, ఈ రాళ్ళ మీద నేనూ ఎప్పుడూ నడవలేదు. నేను పుట్టేసరికే పరుపులు పడ్డాయి. యాభై ఎనిమిదేళ్ళు లోపలూరి నున్నటి నేల మీదే తిరిగాను. మా ఊళ్ళో మెట్టు కూడా లేదు, అన్నీ వాలు దారులే.

రెండో అడుగులో చీపురు ఒకవైపు, నేను ఒకవైపు. మోకాలు చెక్కుకుపోయింది. అలా పడి ఉండగానే వెనక కిసుక్కుమని నవ్వు వినబడింది. అసిరి తలుపు సందులోంచి చూస్తోంది.

"నవ్వు, నవ్వు. వచ్చి లేపు ముందు!"

"కాలు అలగ పెడితే పడిపోవా మరి?" అంటూ రాళ్ళ మీదికొచ్చింది. నెమ్మదిగా, చేతులు రెండూ చాపుకుని, బొటనవేలితో ఒక్కో రాయినీ తట్టి చూసుకుంటూ వచ్చింది. ముంగిట్లో ఆ ఒక్క రోజు దేకుతూ నేర్చుకున్న విద్య అది. "ముందు ఏలితో రాయినడగాల నూకప్పా. అది ఊఁ అంటేనే బరువెయ్యాల. నువ్వు అడక్కండా ఎక్కీసినావు."

దాని చెయ్యి పట్టుకుని అడుగుతూ అడుగుతూ అవతలి గోడ దాకా వెళ్ళాను. మధ్యలో ఇంకోసారి పడ్డాను. అది పొట్ట పట్టుకుని నవ్వింది. దాని నవ్వు విని ఎన్ని రోజులైందో!

అవతలి గోడ దగ్గర ఇద్దరం కూలబడ్డాక, గచ్చపొద గురించి దానికి నిజం చెప్పాను. ముళ్ళు కత్తిరించింది నేనేనని చెప్పాను. అరచేతులు ముందుకు చాపి చూసుకుంది.

"అయితే బయటివి బాగానే ఉన్నాయా?"

"బాగానే ఉన్నాయి. పాడు సేసింది నేను."

"మరి ముందే సెప్పొచ్చు కదేటి," అంది. కోపమొచ్చింది దానికి, రావాల్సిందే. అయినా వెళ్ళేటప్పుడు, "రేపు కూడా పడతావా?" అని అడిగింది.

224వ రోజు
వచ్చినవారు 17. పడ్డవారు 12, నాతో 13. ఏడ్చినవారు 3.

రాళ్ళ గదిలో నూకప్ప పడుతోందని అసిరి వీధివీధికీ చెప్పేసింది. మొన్న నలుగురిని తీసుకొచ్చింది, నిన్న పదిమందిని. ఇవాళ నేనే తలుపు మీద కాగితం అంటించాను: "రోజూ నాలుగింటికి నూకప్ప పడుతుంది. చూడటానికి రావచ్చు. కూర్చునే బల్లలు అవతలి గోడ పక్కన ఉన్నాయి."

అవతలి గోడ చేరాలంటే రాళ్ళు దాటాల్సిందే. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పిల్లలు ఎవరి ఏడుపైనా మరిచిపోతారు గానీ పెద్దాళ్ళు పడే వినోదాన్ని వదులుకోరు. "అడుగు నూకప్పా, రాయినడుగు!", "అది ఊఁ అన్లేదు, ఒగ్గీ, ఒగ్గీ!" అని బల్లల మీంచి ఒకటే గోల. నాకు చెబుతూ చెబుతూ వాళ్ళకే వచ్చేస్తోంది.

229వ రోజు
వచ్చినవారు 44. పడ్డవారు 9. ఏడ్చినవారు 2.

మొదటి జట్టు పిల్లలు ముప్ఫై ఒక్కరూ వచ్చారు. తవిటయ్య తెచ్చిన గచ్చకొమ్మలు తొట్లలో పాతాను. అసిరి మళ్ళీ పాఠం చెప్పింది. ఈసారి కావలింతలు లేవు. రెండు వేళ్ళతో కొమ్మ పట్టుకుని, "ముల్లుకీ ముల్లుకీ మజ్జిన సోటుంటాది. అక్కడ పట్టుకోవాల. తొందరపడితే ఇదిగో, ఇలాగవుద్ది," అని అరచెయ్యి చూపించింది. అందరూ వరసలో నిలబడి ఆ మచ్చలు ముట్టుకుని చూశారు.

చల్ల నీళ్ళ వానకు పళ్ళ వాన అని పేరు పెట్టారు, పళ్ళు టకటకలాడతాయి కాబట్టి. ఎవరి పళ్ళు ఎక్కువ చప్పుడు చేస్తాయో పందేలు. గాలి గదిలో నాలుగో నంబరు పెట్టమని గొడవ. మొన్న నన్ను దులిపేసి వెళ్ళినావిడ సాయంత్రం వచ్చి రాళ్ళ గదిలో దిగింది. కూతురే దగ్గరుండి నడిపించింది.

236వ రోజు
వచ్చినవారు 51. పడ్డవారు 4. ఏడ్చినవారు సున్నా.

పొద్దుటినుంచి ఒక్కొక్కరినీ పిలిచి, వాన, గాలి, రాళ్ళు, ముళ్ళు అన్నీ దాటించి చూశాను. నా చెయ్యి ఇవ్వలేదు. సరోజిని గారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మొదట గడియారం చూసుకున్నారు. పదో పిల్ల వంతు వచ్చేసరికి రాళ్ళ మీద ఒక కాలు ఆనించి ఆవిడా ప్రయత్నిస్తున్నారు.

ముప్ఫై సంతకాలు పెట్టాను. ముప్ఫై ఒకటోది అసిరి. అన్నిటికంటే బాగా దాటింది అదే. అయినా నా చెయ్యి కదల్లేదు.

"మా గుంట దగ్గరే ఆపీసినావేటి?" అన్నాడు తవిటయ్య.

"సేతులు పూర్తిగా మానలేదేమోనని."

"మానిపోనాయి, సూడు."

చూశాను. మానిపోయాయి. సరోజిని గారు, తవిటయ్య, బల్లల మీది పిల్లలు, అందరూ నావైపే చూస్తున్నారు. దానికి తెలుసని నాకు నమ్మకమే. నమ్మకం లేక ఆగలేదు. గుమ్మం తెరిచాక నాలుగింటికి అది రాదు, అందుకు ఆగాను. ఆ మాట బయటికి అనలేదు, పుస్తకంలోనైనా రాయకపోతే ఎలా?

అసిరి వచ్చి నా పక్కన నిలబడి, కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడ నూకప్పా," అని చూపించింది, నాకు గీత కనబడటం లేదనుకుని. పెట్టాను.

241వ రోజు
వచ్చినవారు 31. పడ్డవారు ఒకరు. ఏడ్చినవారు సున్నా.

గుమ్మం ముందు ఊరంతా నిలబడింది. సరోజిని గారు నా రెండు పేజీలు చదివారు. పాతది చించేసి మళ్ళీ రాశాను. చివర ఇలా ఉంది: "ఈ శాలను మాణిక్యాంబ అనే మంత్రసాని పిల్లల్ని బయటికి పంపడానికి పెట్టింది. తరవాత వచ్చిన మేమందరం వాళ్ళను బాగా ముద్దు చేశాం, ఆ పని మాత్రం మరిచిపోయాం. ముద్దు చేసినందుకు క్షమించమని అడగను. మరిచినందుకు అడుగుతున్నాను."

గుమ్మం తెరిచారు. బయట సన్నగా వాన పడుతోంది. వెలుతురు ఇంత తెల్లగా ఉంటుందని నాకు తెలియదు. పెద్దాళ్ళు చాలామంది గుమ్మంలోనే ఆగిపోయారు. పిల్లలు ముందుకెళ్ళి చేతులు చాపి, "పళ్ళ వాన! పళ్ళ వాన!" అని అరిచారు. తవిటయ్య ముందు నడుస్తున్నాడు, వెనక కుటుంబాలు, మధ్యలో మా పిల్లలు. దిగుడంతా తడిసిన రాళ్ళే.

ఇరవై అడుగులు కూడా వెయ్యకుండానే అసిరి జారి పడింది. అందరికంటే ముందు నడవాలని తొందర దానికి. మోకాళ్ళ మీద పడి, చేతులు ఆనించి అలాగే ఉండిపోయింది. వాళ్ళమ్మ దూరంగా వెనక వస్తోంది, చూడలేదు. నా కాళ్ళు నా మాట వినకుండా గుమ్మం అంచుదాకా వెళ్ళాయి.

ఈ ఇరవై ఆరు రోజుల్లో పిల్లల దగ్గర నేనొకటి కనిపెట్టాను. పడిన పిల్ల వెంటనే ఏడవదు. ముందు తల తిప్పి తన మనిషి మొహం చూస్తుంది. ఆ మొహంలో కంగారుంటే ఏడుస్తుంది, నవ్వుంటే లేస్తుంది. అందుకని మొహం సిద్ధం చేసుకున్నాను. నవ్వు తెచ్చిపెట్టుకుని, పెదాలు వణక్కుండా పళ్ళు బిగించి, అది తల తిప్పగానే కనబడేలా వానలోకి ఒక అడుగు వేసి నిలబడ్డాను.

అసిరి తల తిప్పలేదు. మోకాలు ఒకసారి చూసుకుంది. అరచేతులు పావడాకు తుడుచుకుంది. లేచి, బొటనవేలితో ముందున్న రాయిని అడిగి, బరువేసి, దిగిపోయింది. ఆ తరవాతి రాయి, ఆ తరవాతిది. వంపు దగ్గర పొదల వెనక్కి వెళ్ళేదాకా చూశాను. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఆ నవ్వు మొహం పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పక్కనున్నవాళ్ళు నాకు సంతోషం పట్టలేకుండా ఉందనుకున్నారు. సంతోషమే, సగం.